పేదరికం తగ్గిస్తే దేశ భద్రత పెరుగుతుందా? పంచిన సొమ్ము కంటే నిలబెట్టుకున్న మాటే ముఖ్యం

పేదరికానికీ దేశ భద్రతకూ సంబంధం ఉందా అన్న ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. పేదరికం తగ్గించడానికి ప్రభుత్వాలు పెట్టే పథకాల వల్ల దేశ భద్రత నిజంగా మెరుగవుతుందా? మెరుగైతే అది ఏ దారిలో జరుగుతుంది? అలాంటప్పుడు ఈ ఖర్చును కూడా రక్షణ ఖర్చు కిందే లెక్కేసుకోవచ్చా?

సంక్షేమ పథకాలు ఎలా అమలవుతున్నాయో, వాటి ఫలితం ఎంతో చూసే పనిలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భద్రత మెరుగవుతుంది. అయితే డబ్బు పంచినంత మాత్రాన కాదు. ఈ నెల వచ్చింది వచ్చే నెల కూడా వస్తుందన్న నమ్మకం పేద ఇంట్లో కలిగినప్పుడే. ఆ నమ్మకం కలిగించలేని పథకం భద్రతకు పెద్దగా ఉపయోగపడదు, కొన్నిచోట్ల బెడిసికొట్టింది కూడా.

ముందు ఒక అపోహ పక్కన పెట్టాలి. పేదరికమే ఉగ్రవాదాన్ని పుట్టిస్తుందన్న మాట వేదికల మీద బాగా పేలుతుంది గానీ, దానికి ఆధారాలు బలంగా లేవు. 2001 సెప్టెంబర్ 11న అమెరికాలో విమానాలు హైజాక్ చేసినవాళ్లలో చాలామంది మధ్యతరగతి ఇళ్లలో పుట్టినవాళ్లు, ముఖ్యులు కొందరు యూరప్‌లో విశ్వవిద్యాలయ చదువు చదివినవాళ్లు. ఆలన్ క్రూగర్, యిట్కా మలెచ్‌కొవా అనే ఇద్దరు పరిశోధకులు లెబనాన్‌లో చనిపోయిన హిజ్బుల్లా సభ్యుల వివరాలు తీసి 2003లో ప్రచురించారు. వాళ్లు తమ చుట్టూ ఉన్న జనం కంటే పేదలు కారు, చదువు తక్కువవాళ్లు అంతకన్నా కారు. పాకిస్థాన్‌లో జరిగిన ఒక పెద్ద సర్వేలో, మిలిటెంట్ సంస్థలంటే పేదలకే ఎక్కువ అయిష్టం ఉన్నట్టు తేలింది. బాంబులు పేలేది వాళ్లు తిరిగే చోటే కదా. పేదవాణ్ణి చూసి ‘రేపటి ఉగ్రవాది’ అని అనుమానించే విధానం అన్యాయమే కాదు, గురి తప్పిన విధానం కూడా.

సాయుధ తిరుగుబాటు, అంతర్యుద్ధం సంగతి వేరు. ఒక బాంబు దాడికి నలుగురు చాలు. తిరుగుబాటు ఏళ్ల తరబడి నిలవాలంటే వందల వేల మంది కావాలి, వాళ్లకు అన్నం పెట్టే ఊళ్లు కావాలి, పోలీసులకు కబురు చెప్పకుండా నోరు కట్టుకునే జనం కావాలి. ఇక్కడ ఆదాయానికి పాత్ర ఉంది. జేమ్స్ ఫియరన్, డేవిడ్ లైటిన్ 1945 నుంచి 1999 దాకా జరిగిన అంతర్యుద్ధాలను పరిశీలిస్తే, తలసరి ఆదాయం తక్కువగా ఉన్న దేశాలకే ఆ ముప్పు ఎక్కువని తేలింది. అది జనం ఆక్రోశం వల్ల అని వాళ్లు అనలేదు. పేద దేశంలో రాజ్యం కూడా బలహీనంగా ఉంటుంది, మారుమూలకు రోడ్డుండదు, పోలీసుండడు, ఉన్నా వాడికి ఆ ప్రాంతం తెలియదు అన్నారు. ఎడ్వర్డ్ మిగెల్, శంకర్ సత్యనాథ్, అర్నెస్ట్ సెర్జెంటి 41 ఆఫ్రికా దేశాల 1981-99 లెక్కలు తీసుకుని, వర్షాభావం వల్ల పడిపోయిన ఆదాయాన్ని వేరుచేసి చూశారు. వృద్ధి రేటు ఐదు శాతం పాయింట్లు పడిపోతే మరుసటి ఏడాది అంతర్గత సంఘర్షణ జరిగే అవకాశం సగానికి సగం పెరుగుతోంది. నేపాల్‌లో 1996లో మొదలై పదేళ్లు సాగిన మావోయిస్టు యుద్ధంలోనూ పేద జిల్లాల్లోనే ఎక్కువ ప్రాణాలు పోయాయి.

ఇక్కడ గమనించాల్సింది ‘పేదగా ఉండటం’, ‘ఉన్నట్టుండి పేదవడం’ వేర్వేరు సంగతులని. కొలంబియాలో ఇది చాలా స్పష్టంగా కనిపించింది. 1990ల చివర్లో ప్రపంచ మార్కెట్‌లో కాఫీ ధర కుప్పకూలినప్పుడు, కాఫీ పండే మునిసిపాలిటీల్లో గెరిల్లాల, పారామిలిటరీలనే ప్రైవేటు సాయుధ ముఠాల హింస మిగతాచోట్ల కంటే ఎక్కువగా పెరిగింది. తోటలో కూలి పడిపోయింది, తుపాకీ పట్టినవాడికి దొరికే భత్యం పడిపోలేదు. అదే దేశంలో చమురు ధర పెరిగినప్పుడు చమురు దొరికే ప్రాంతాల్లో కూడా హింస పెరిగింది. అక్కడ కారణం లేమి కాదు, దోచుకోవడానికి సొమ్ము పెరగడం. కాఫీకి చేతులు కావాలి, చమురుకు పైపు చాలు. ఓయిండ్రిలా దూబే, హువాన్ వర్గాస్ చేసిన ఈ పరిశోధనను విధానకర్తలు ఎవరైనా ఒకటికి రెండుసార్లు చదవాలి. జిల్లాకు సొమ్ము రావడం వేరు, ఆ జిల్లా కూలీల చేతికి పని రావడం వేరు. మొదటిది మాత్రమే జరిగితే ఆ సొమ్ము కోసం కొట్టుకునేవాళ్లు తయారవుతారు.

అందుకే ఈ విషయంలో నేను ముందుగా చెప్పే ఉదాహరణ భారతదేశపు గ్రామీణ ఉపాధి హామీ. 2005లో చట్టమైంది, 2006 ఫిబ్రవరిలో 200 జిల్లాల్లో మొదలైంది, 2008 కల్లా దాదాపు అన్ని గ్రామీణ జిల్లాలకూ పాకింది. గ్రామీణ కుటుంబం అడిగితే ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలన్నది ఆ చట్టం ఇచ్చిన హామీ. జిల్లాలు విడతలవారీగా చేరడం వల్ల పరిశోధకులకు పోల్చి చూసే వీలు దొరికింది. థీమో ఫెట్జర్ చూసింది వానలకూ హింసకూ ఉన్న లంకె. పథకానికి ముందు రుతుపవనాలు మొహం చాటేసిన మరుసటి ఏడాది సంఘర్షణ పెరిగేది. పథకం వచ్చాక ఆ లంకె బాగా బలహీనపడింది. పథకం వల్ల పేదలు ధనికులేమీ కాలేదు. పంట పోయిన ఏడాది ఊళ్లోనే పని అడిగే హక్కు ఉండటంతో, ఆ ఏడాదిని నమ్ముకుని మనుషులను చేర్చుకునే దళానికి పాత గిరాకీ లేకుండా పోయింది. అంటే అది పేదరికాన్ని తీసేయడం కంటే ఎక్కువగా బీమాలా పనిచేసింది.

దేశమంతా ఒకేలా పనిచేసిందా అంటే, లేదు. అదే చట్టం, అవే నిబంధనలు, రాష్ట్రాన్ని బట్టి ఫలితం మారింది. ఆదిత్య దాస్‌గుప్తా, కిషోర్ గవాండే, దేవేశ్ కపూర్ పరిశోధనలో, అమలు చేసే సత్తా ఉన్న రాష్ట్రాల్లోనే మావోయిస్టు హింస గణనీయంగా తగ్గింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. ఆ రాష్ట్రంలో 1989 నుంచీ గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళాలు ఉన్నాయి, మావోయిస్టులతో 2004 చర్చలు విఫలమయ్యాక పోలీసు ఒత్తిడీ పెరిగింది, కాబట్టి ఘనత అంతా ఉపాధి హామీకే కట్టబెట్టను. కానీ పోలీసు బలగం పెంచిన ప్రతి రాష్ట్రంలోనూ ఆ ఫలితం రాలేదన్నది కూడా నిజమే.

సత్తా అంటే ఏమిటో దగ్గరనుంచి చూస్తే తప్ప అర్థం కాదు. పని జరిగే చోట మస్టర్‌లో, అంటే హాజరు పట్టికలో, పేరు పడుతుంది. వారం చివర కొలతలు తీస్తారు. కొలతల పుస్తకం మండల కార్యాలయానికి వెళ్లాలి, కంప్యూటర్‌లో ఎక్కాలి, చెల్లింపు ఉత్తర్వు పుట్టాలి, బ్యాంకుకో పోస్టాఫీసుకో చేరాలి. మస్టర్ మూసిన 15 రోజుల్లో కూలి అందాలని ఆ 2005 చట్టం చెప్పింది. వీటిలో ఏ ఒక్క చోట కాగితం ఆగినా కూలీ చేతికి వచ్చేది ‘రేపు రా’ అన్న మాటే. పనికి వెళ్లి కూలి కోసం నెలల తరబడి తిరిగినవాడికి రాజ్యం మీద కలిగే అభిప్రాయం, అసలు పనే ఇవ్వని రాజ్యం మీద ఉండేదాని కంటే చేదుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో, సుమారు కోటీ 90 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో, వేలిముద్ర స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లింపులు పెట్టి కార్తీక్ మురళీధరన్ బృందం పరీక్షించింది. కూలి త్వరగా అందింది, ఫలానా రోజుకు వస్తుందన్న భరోసా పెరిగింది, మధ్యలో జారిపోయే సొమ్ము తగ్గింది, ప్రభుత్వానికి పథకం ఖర్చు మాత్రం పెరగలేదు. భద్రత గురించి మాట్లాడే సమావేశాల్లో ఇలాంటి చెల్లింపుల సంగతులు ఎజెండాలో చివరన ఉంటాయి. టీ వచ్చేసరికి వాటిని దాటేస్తారు.

రాబోయే విడత మీద నమ్మకం ఎంత పనిచేస్తుందో లైబీరియాలో అనుకోకుండా బయటపడింది. రెండు అంతర్యుద్ధాలు ముగిశాక అడవుల్లో, అక్రమ గనుల్లో మిగిలిపోయిన మాజీ పోరాటగాళ్లకు ఒక సంస్థ వ్యవసాయ శిక్షణ ఇచ్చి, విత్తనాలు, పనిముట్లు లాంటి పెట్టుబడి సాయం చేసింది. క్రిస్టఫర్ బ్లాట్‌మన్, జీనీ అన్నన్ వాళ్లను తర్వాత వెతికి పట్టుకుని చూశారు. శిక్షణ పొందినవాళ్లు అక్రమ పనుల్లో గడిపే సమయం తగ్గింది గానీ పూర్తిగా మానలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2010-11లో, పక్కనున్న ఐవరీ కోస్ట్‌లో యుద్ధం రాజుకుంది, కిరాయి సైనికుల కోసం ఏజెంట్లు తిరగడం మొదలైంది. ఈ పథకంలో కొందరికి సరఫరా ఇబ్బందుల వల్ల సాయం ఇంకా అందలేదు, త్వరలో ఇస్తామన్న మాట మాత్రం ఉంది. ఏజెంట్ల వైపు అందరికంటే తక్కువ మొగ్గినవాళ్లు వీళ్లే. తీసుకున్నది ఖర్చయిపోతుంది, రావాల్సింది ఉంటే మనిషి ఊరు వదలడు. శిక్షణ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ ఫలితం రాదు, ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి పంపించేసినా రాదు.

ఇప్పటిదాకా చెప్పింది ఒక వైపు. అవతలి వైపు సాయుధ గుంపు కూడా పథకాన్ని చూస్తుంది, చూసి ఊరుకోదు. ఫిలిప్పీన్స్ అనుభవం తెలియకుండా ఈ విషయం మాట్లాడకూడదని నా అభిప్రాయం. అక్కడ కలాహి-సిడ్స్ అనే పథకం కింద పేద మునిసిపాలిటీలకు నిధులిచ్చి, రోడ్డు కావాలో బడి కావాలో ఊరే తేల్చుకోమన్నారు. ఉద్దేశం గొప్పది. అర్హత గీతకు కాస్త ఇటు ఉన్న మునిసిపాలిటీలనూ, కాస్త అటు ఉన్నవాటినీ పోల్చితే, పథకం వచ్చిన చోట్ల హింస పెరిగింది. అది కూడా డబ్బు రాకముందు, ఊరి సమావేశాలు జరిగే దశలోనే ఎక్కువగా. పథకం గెలిస్తే జనం తమ చేయి దాటిపోతారని గెరిల్లాలకు తెలుసు. ఎప్పుడు, ఎక్కడ, ఏం కడతారన్నది అందరికీ ముందే తెలిసిన పథకాన్ని అడ్డుకోవడం తేలిక.

అదే దేశంలో, అదే గెరిల్లాల మధ్య, పంతావిద్ పమిల్యా అనే నగదు బదిలీ పథకం దీనికి పూర్తిగా భిన్నమైన ఫలితమిచ్చింది. పిల్లల్ని బడికి పంపి, ఆరోగ్య పరీక్షలకు తీసుకెళ్లే పేద తల్లులకు నేరుగా డబ్బు. అది అందిన ఊళ్లలో ఘర్షణలు తగ్గాయి, గెరిల్లాల పలుకుబడీ తగ్గింది. ఈ రెండు అధ్యయనాలూ చేసింది దాదాపు ఒకే బృందం, కాబట్టి కొలిచే పద్ధతి తేడా అని కొట్టిపారేయలేం. తగలబెట్టడానికి అక్కడ భవనం లేదు, బెదిరించడానికి కాంట్రాక్టర్ లేడు. ఇంటింటికీ విడివిడిగా చేరే సాయాన్ని ఆపాలంటే ఊరందరితో శత్రుత్వం పెట్టుకోవాలి. దీన్నిబట్టి రోడ్లు వేయొద్దని కాదు. కాపలా పెట్టలేని చోట ముందు రోడ్డు కాంట్రాక్టుతో దిగకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

హింస పెరిగిందంటే పథకం విఫలమైందని అర్థం చేసుకోవడం కూడా తొందరపాటే. గౌరవ్ ఖన్నా, లారా జిమ్మర్‌మన్ ఉపాధి హామీ మొదలైన తొలి నెలల లెక్కలు తీస్తే, మావోయిస్టు ప్రాంతాల్లో ఘటనలు తగ్గడం కాదు, పెరిగాయి. వాళ్లు ఇచ్చిన వివరణ ఏమిటంటే, ప్రభుత్వం నుంచి ఏదో వస్తుందన్న ఆశ పుట్టాక జనం పోలీసులకు సమాచారం చెప్పడం మొదలుపెట్టారు, పోలీసులు దాడులు పెంచారు, దళాలు ఇన్‌ఫార్మర్ల పేరుతో ఊరివాళ్ల మీద ప్రతీకారం తీర్చుకున్నాయి. సమాచారం ఇచ్చినవాణ్ణి కాపాడుకోలేని చోట ఈ దశ ఎంత ఘోరంగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సంక్షేమ శాఖకు ఈ లెక్క తెలియదు, పోలీసు శాఖ దాన్ని సంక్షేమ శాఖకు చెప్పదు.

ఎంత మంచి పథకమైనా పనిచేయని చోటు ఒకటుంది. అఫ్గానిస్థాన్‌లో 2003లో మొదలైన జాతీయ సంఘీభావ పథకం ఊళ్లలో ఎన్నికైన మండళ్లు పెట్టి వాటికి నిధులిచ్చింది. 500 గ్రామాలను తీసుకుని, సగం గ్రామాలకు ముందు, మిగతావాటికి తర్వాత ఇచ్చి పరీక్షించారు. చాలాచోట్ల ప్రభుత్వం మీద జనాభిప్రాయం మెరుగైంది, భద్రత కూడా కొంత మెరుగైంది. పాకిస్థాన్ సరిహద్దుకు దగ్గరున్న తూర్పు గ్రామాల్లో మాత్రం కాలేదు. అక్కడి తిరుగుబాటుకు మనుషులు, డబ్బు, తలదాచుకునే చోటు సరిహద్దు అవతలి నుంచి వస్తుంటే, ఈవలి ఊరి మద్దతు గెలిచినా తేడా పడదు. బయటి నుంచి పోషణ ఉన్న యుద్ధాన్ని పేదరిక నిర్మూలనతో ఆపగలమనుకోవడం అత్యాశ.

ఇక ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే విషయం. నా దృష్టిలో ప్రభుత్వాలకు అతి పెద్ద భద్రతా ముప్పు ఇక్కడే ఉంది. 1977 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం రొట్టె లాంటి నిత్యావసరాల రాయితీలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. రెండు రోజుల అల్లర్లలో పదులమంది చనిపోయారు, సైన్యం వీధుల్లోకి దిగింది, అధ్యక్షుడు సాదాత్ నిర్ణయాన్ని ఉపసంహరించుకున్నాడు. 2018 డిసెంబర్‌లో సుడాన్‌లో రొట్టె ధర ఒక పౌండ్ నుంచి మూడు పౌండ్లు కావడంతో అత్బరా పట్టణంలో నిరసనలు రేగాయి. 2019 ఏప్రిల్ 11న సైన్యమే ఒమర్ అల్ బషీర్‌ను గద్దె దించింది. ముప్పై ఏళ్ల పాలన, ఎన్నో తిరుగుబాట్లను తట్టుకున్న పాలన, రొట్టె దగ్గర మొదలైన గొడవతో పోయింది.

రాయితీలు ఎప్పటికీ ముట్టుకోకూడదా అంటే అదీ కాదు. ఇరాన్ రెండుసార్లు పెట్రోలు ధర పెంచిన తీరు చూస్తే తేడా తెలుస్తుంది. 2010లో ప్రభుత్వం నెలల ముందు నుంచే ప్రతి కుటుంబం చేత బ్యాంకు ఖాతా తెరిపించింది. మనిషికి నెలకు 4,55,000 రియాళ్లు, అప్పటి విలువలో 40 డాలర్లకు పైనే, ధరలు పెరగకముందే ఖాతాలో వేసింది. అయితే తీసుకునే వీలు లేకుండా ఆపి ఉంచింది. డబ్బు ఖాతాలో కనిపిస్తోంది, చేతికి రాదు. డిసెంబర్‌లో ధరలు పెంచిన రోజే ఆ తాళం తీసింది. రేషన్ పెట్రోలు ధర నాలుగింతలైనా పెద్ద గొడవ జరగలేదు. వీధుల్లో పోలీసులు ఉన్నమాట నిజమే, కానీ జనం చేతిలో డబ్బు కూడా ఉంది.

తర్వాతి ఏళ్లలో ద్రవ్యోల్బణం ఆ 4,55,000 రియాళ్లను తినేసింది. 2019 నాటికి బహిరంగ మార్కెట్ రేటులో అది నాలుగు డాలర్లకు అటూఇటూ. ఆ నవంబర్ 15న, అర్ధరాత్రి, ముందు మాటైనా చెప్పకుండా రేషన్ పెట్రోలు ధర 50 శాతం పెంచి, కోటా దాటిన లీటరును మూడింతలు చేశారు. వచ్చిన సొమ్ము పేదలకే పంచుతామని ఈసారి కూడా చెప్పారు, కానీ ధర ముందు, డబ్బు తర్వాత. దేశమంతా భగ్గుమంది. ఇంటర్నెట్ దాదాపు వారం ఆపేశారు, మూడు వందల మందికి పైగా మరణించినట్టు మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ నమోదు చేసింది. రెండుసార్లూ చెప్పిన ఉద్దేశం ఒకటే. ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమం తారుమారైంది. అంతకంటే ముఖ్యంగా, ఈ ప్రభుత్వం ఇచ్చే నగదుకు విలువ నిలవదని తొమ్మిదేళ్లలో జనం చూసేశారు.

లబ్ధిదారుల జాబితా కూడా భద్రతకు సంబంధించిన కాగితమేనంటే చాలామంది నవ్వుతారు. ఇండోనేషియా 2005లో ఇంధన ధరలు పెంచి, కోటిన్నరకు పైగా కుటుంబాలకు నగదు ఇచ్చింది. దేశస్థాయిలో గండం గడిచింది. కానీ జాబితాలు హడావుడిగా తయారయ్యాయి. పేదలు తప్పిపోయి, ఉన్నవాళ్లు దూరిన ఊళ్లలో నేరాలు పెరిగాయని, ఊరి ఉమ్మడి పనుల్లో జనం పాల్గొనడం తగ్గిందని లీసా క్యామెరాన్, మనీషా షా చూపించారు. పథకం లేనప్పుడు అందరూ సమానంగా పేదలు. జాబితా అంటించిన రోజు నుంచి పక్కింటివాడు శత్రువు. అర్హత తేల్చే నియమం ఎంత శాస్త్రీయంగా ఉందన్నది కాదు, ‘నా పేరు ఎందుకు లేదు’ అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఊళ్లో ఉన్నాడా అన్నది ముఖ్యం.

సగటు లెక్కలను నమ్ముకోవడం గురించి రెండు మాటలు. 2010 దాకా ట్యునీషియాలో వృద్ధి బాగానే ఉంది, అధికారిక పేదరికం తగ్గుతూ వచ్చింది, అంతర్జాతీయ సంస్థలు మెచ్చుకునేవి. తీరంలో పెట్టుబడులు, లోపలి ప్రాంతాల్లో నిరుద్యోగం. ఆ ఏడాది డిసెంబర్ 17న లోపలి పట్టణమైన సీదీ బూజీద్‌లో, బండి మీద పండ్లు అమ్ముకునే మొహమ్మద్ బువజీజీ సరుకును తనిఖీ సిబ్బంది లాగేసుకున్నారు, అతను నిప్పంటించుకున్నాడు. జనవరి 14కల్లా అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలాడు. మలేషియా దీనికి ఎదురు ఉదాహరణ. 1969 మే 13 జాతి అల్లర్ల తర్వాత అక్కడి ప్రభుత్వం 1971లో కొత్త ఆర్థిక విధానం తెచ్చింది. జాతితో పనిలేకుండా పేదరికం తగ్గించడం ఒక లక్ష్యం, జాతికీ వృత్తికీ ఉన్న ముడి తెంచడం రెండోది. ద్వీపకల్ప మలేషియాలో 1970లో సగం దాకా ఉన్న పేదరికం రెండు దశాబ్దాల్లో ఐదోవంతు కంటే కిందికి దిగింది, ఆ స్థాయి అల్లర్లు మళ్లీ జరగలేదు. రెండో లక్ష్యం పేరుతో పలుకుబడి ఉన్నవాళ్లు లాభపడ్డారన్న విమర్శ సరైనదే, చైనీయ, భారతీయ మలేషియన్ల అసంతృప్తి నేటికీ ఉంది.

ఇప్పుడు డబ్బు సంగతి. సంక్షేమానికి పెట్టిన ప్రతి రూపాయీ సైన్యం నోటి దగ్గరి నుంచి లాక్కున్నట్టే అన్న వాదన తరచూ వినిపిస్తుంది. శ్రీలంక ఏమైందో చూడండి. 2019 చివర్లో పన్నులు భారీగా తగ్గించారు, 2021లో రసాయన ఎరువులను రాత్రికి రాత్రి నిషేధించారు, 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు, జులైలో అధ్యక్షుడు దేశం వదిలి వెళ్లాడు. 2023 జనవరిలో, తర్వాత వచ్చిన ప్రభుత్వం, రెండు లక్షలకు పైగా ఉన్న సైన్యం మంజూరు బలాన్ని 2024కల్లా 1,35,000కు, 2030కల్లా లక్షకు తగ్గిస్తామని ప్రకటించింది. సైన్యాన్ని కుదించింది పేదల పథకాలు కాదు, ఖాళీ అయిన ఖజానా. అదే తర్కం రెండో వైపు కూడా వర్తిస్తుంది. అప్పుచేసి ప్రకటించి, మూడో విడతకే ఆగిపోయే పథకం దేశ భద్రతకు కీడే చేస్తుంది. ఎన్నికల ముందు పుట్టే పథకాల్లో ఎన్ని ఈ కోవలోకి వస్తాయో పాఠకులే లెక్కేసుకోగలరు.

చివరి ముక్క, దీన్ని రక్షణ ఖర్చుగా చూడొచ్చా? ఆ పేరు పెట్టకపోవడమే మేలని నేనంటాను. ఆ పేరు పెట్టగానే నిధులు గొడవలున్న జిల్లాలకు పరుగెత్తుతాయి. పక్కనే అంతే పేదరికంతో, నోరు మెదపకుండా ఉన్న జిల్లాకు అర్థమయ్యే పాఠం ఏమిటి? కొలంబియా ఆ పాఠం ఎంత త్వరగా ఒంటబడుతుందో చూపించింది. 2014 మేలో గెరిల్లాలతో శాంతి చర్చల్లో భాగంగా, కొకైన్‌కు ముడిసరుకైన కోకా పంట వదిలే రైతులకు ఆర్థిక సాయం ఇస్తామని ప్రకటించారు. సాయం అందాలంటే ముందు కోకా ఉండాలి కదా. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2013లో 48,000 హెక్టార్లున్న కోకా సాగు 2017కల్లా 1,71,000 హెక్టార్లకు చేరింది. గాలిలోంచి మందు చల్లడం ఆపేయడం లాంటి ఇతర కారణాలూ ఉన్నాయి, కానీ ఈ ప్రకటన పాత్రను పరిశోధకులు విడిగా గుర్తించారు.

మరో నష్టం కూడా ఉంది. పథకం భద్రతా వ్యూహంలో భాగమని తెలిశాక, పేర్లు రాసుకోవడానికి వచ్చే ఉద్యోగి, టీకా వేయడానికి వచ్చే నర్సు కూడా ఎవరో ఒకరి కళ్లకు గూఢచారులే. ఆఫ్రికాలో తీవ్రవాద సంస్థల్లో చేరినవాళ్లతో మాట్లాడి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 2017లో ఇచ్చిన నివేదికలో, 71 శాతం మంది తమను చివరికి అటు నెట్టింది ప్రభుత్వ చర్యే అన్నారు. ఇంట్లోవాళ్లనో స్నేహితులనో చంపడం, అరెస్టు చేయడం లాంటివి. తెల్లారి సోదాలు, మధ్యాహ్నం సంక్షేమం అంటూ ఒకే జీపులో దిగితే, ఆ సంక్షేమాన్ని జనం ఏ లెక్కన తీసుకుంటారో ఊహించుకోవచ్చు.

భద్రత పేరు పెట్టీ ఈ తప్పు చేయని చట్టం ఒకటి నాకు గుర్తుంది. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరిగిన కాలంలో సైన్యంలో చేరడానికి వచ్చిన పేద యువకుల్లో చాలామంది శారీరకంగా పనికిరాకపోవడం చూసి కంగారుపడిన బ్రిటన్, 1906లో బడిపిల్లల భోజనానికి చట్టం చేసింది. 1946 జూన్‌లో అమెరికా కూడా బడిలో మధ్యాహ్న భోజనాన్ని చట్టం చేస్తూ, ఇది ‘జాతీయ భద్రతా చర్య’ అని ఆ చట్టంలోనే రాసుకుంది. అయితే ఏ ప్రాంతంలో గొడవలున్నాయి, ఏ పిల్లవాడి తండ్రి ఎవరి వైపు అని ఆ అమెరికా చట్టం అడగలేదు. నిధులను రాష్ట్రంలోని బడిపిల్లల సంఖ్య, తలసరి ఆదాయం చూసి పంచింది, పేద రాష్ట్రానికి కాస్త ఎక్కువగా. ఆ భోజన పథకం ఇప్పటికీ నడుస్తోంది.